గాలిమర బిగించాకే

కారు డ్యాష్‌బోర్డు విప్పి ఉంటే నేను చూడలేను. ఈమధ్య మా పాత కారులో గాలి రావడం మానేసింది. స్విచ్ వేస్తే లోపల మూలుగు వినిపిస్తుంది తప్ప ముఖానికి చల్లదనం తగలదు. నూజివీడులో ఎప్పుడూ వెళ్ళే షెడ్డుకి తీసుకెళ్తే, మెకానిక్ శ్రీను చెవి పెట్టి విని, "బ్లోయర్ మోటార్ పోయిందండీ. మార్చేయాల్సిందే" అన్నాడు. నేను ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చునేలోపే ఎడమ సీటు ముందున్న అర ఊడదీసి పక్కన పెట్టేశాడు. ఆ ఖాళీలోంచి వైర్లు కిందికి వేలాడాయి. కాసేపటికి పాత మోటారు బయటికొచ్చింది. దాని చక్రం నిండా ఎండు మామిడాకుల ముక్కలు, పూత పొడి. "చూశారా మేడం, మీ తోట సగం ఇందులోనే ఉంది" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. లేచి బయటికి వచ్చి ఆకాశం చూశాను. పడమటి వైపు మబ్బు నల్లగా కమ్ముకుంటోంది. "ఎంతసేపు పడుతుంది శ్రీనూ? వానొచ్చేలా ఉంది" అని అడిగాను. కాసేపు ఆగి మళ్ళీ అడిగాను. "అర్జెంటుగా ఎక్కడికన్నా వెళ్ళాలా అండీ?" అన్నాడు. ఎక్కడికీ లేదు. ఉంగుటూరులో ఉన్న మా అక్కని చూసి, అక్కడే భోంచేసి రావాలనుకున్నాను, అంతే. అది రేపైనా జరిగే పనే. అయినా అరచేతులు చెమట పట్టి, చీర కొంగుకి తుడుచుకుంటూ అక్కడక్కడే తిరుగుతుంటే ఆ అబ్బాయి నన్ను వింతగా చూశాడు. ఇంత వయసొచ్చిన మనిషి ఒక చిన్న మోటారుకి ఎందుకింత కంగారు పడుతోందో అతనికి ఎలా తెలుస్తుంది?

నా చిన్నతనంలో మేము నూజివీడు ఊరి చివర, ముసునూరు వెళ్ళే రోడ్డు పక్కన అద్దెకుండేవాళ్ళం. రెండు గదులు, ముందు తాటాకుల పంచ, దాని పక్కనే కారు కోసం నాన్న వేసుకున్న పాక. మా నాన్న కోటేశ్వరరావు టాక్సీ నడిపేవాడు. కారు ఆయనదే, కానీ ఆయన చేతికి వచ్చేసరికే అది చాలామంది చేతులు మారింది. నల్ల రంగు వెలిసి చింతపండు రంగుకి వచ్చింది. వేసవిలో మామిడికాయల వ్యాపారుల్ని తోటలెంట తిప్పడం, మాఘంలో పెళ్ళివారిని చేరవేయడం, మిగతా రోజుల్లో రోగుల్ని ఆసుపత్రులకి తీసుకెళ్ళడం ఆయన పని. తెల్లారగానే పళ్ళు తోముకోకముందే వెళ్ళి బానెట్ ఎత్తేవాడు. ఇత్తడి చెంబుతో నీళ్ళు పోసి, తడిగుడ్డతో అద్దాలు తుడిచి, చివరికి టైర్లని కాలితో ఒకసారి తట్టి అప్పుడు కాఫీకి వచ్చేవాడు. ఆ కారు లోపల ఒక వాసన ఉండేది. పెట్రోలు, ఎండకి కాగిన రెక్సిన్, వరిగడ్డిలో మగ్గుతున్న రసాలు, కాయల తొడిమల నుంచి కారిన సొన, అన్నీ కలిసిన వాసన. ఇప్పటికీ ఎవరి ఇంట్లోనైనా మామిడిపళ్ళు గడ్డిలో మగ్గేసి ఉంటే నాకు ముందు గుర్తొచ్చేది పండు రుచి కాదు, ఆ వెనక సీటు. అమ్మ సీజన్లో తోటల దగ్గర గంపలకి కాయలు సర్దే పనికి వెళ్ళేది. సాయంత్రం వచ్చేసరికి చేతుల మీద సొన కారి, మచ్చలు పడి ఉండేవి. కొబ్బరినూనె రాసుకుంటూ పంచలో కూర్చుని నాన్న కారు కోసం రోడ్డు వైపు చూస్తూ ఉండేది. మా నాయనమ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, రాలిన పచ్చికాయలన్నీ ముందేసుకుని ఒరుగులకి ముక్కలు తరిగేది. తరిగినంతసేపూ నోరు ఊరుకునేది కాదు. ఎండ మీదో, కోడలి మీదో, ఆ కారు మీదో ఏదో ఒకటి అంటూనే ఉండేది.

ఆ కారుకి ఊళ్ళో ఒక పేరు పడింది, హీటరు బండి అని. మొదట దాన్ని కొన్నవాళ్ళెవరో చలి ప్రాంతం మనుషులు. కావాలని హీటరు పెట్టించుకున్నారట. ఇంజన్లో కాగిన నీళ్ళ వేడిని ఒక చిన్న ఫ్యాను కారులోకి ఊదుతుంది. "నూజివీడులో హీటరేంటి కోటేశ్వరరావ్, రోహిణి కార్తెలో వేసుకుంటావా?" అని బస్టాండు దగ్గర డ్రైవర్లు వేళాకోళం చేసేవాళ్ళు. నాన్న నవ్వి ఊరుకునేవాడు. నాయనమ్మ దాన్ని గాలిమర అనేది. "ఇంటి ముందు కుంపటి చాలదన్నట్టు బండిలో ఇంకో కుంపటి, దానికో గాలిమర" అని సాగదీసేది. ఎవరేమన్నా నాన్న దాన్ని పీకి పారేయలేదు. ఎందుకో నాకు వానాకాలంలో తెలిసింది. జోరువానలో కారు అద్దాలన్నీ మూసేస్తే మన ఊపిరికే ముందు అద్దం లోపలి వైపు ఆవిరి పట్టేస్తుంది. బయట వైపరు ఎంత ఆడినా ఏం లాభం లేదు, పాల మీగడ వెనక నుంచి చూసినట్టే ఉంటుంది రోడ్డు. అప్పుడు నాన్న ఆ హీటరు వేసేవాడు. వేడిగాలి అద్దం అంచున తగిలి, చిటికెలో ఆవిరి విడిపోయేది. మేము చెమటలు కక్కేవాళ్ళం. రోడ్డు మాత్రం కనిపించేది.

ఒక ఏడాది ఆ ఫ్యాను తిప్పే మోటారు ఆగిపోయింది. బెజవాడలో అడిగితే అలాంటిది ఇప్పుడు రావట్లేదన్నారు. నాన్న ఆ వానాకాలం అలాగే నెట్టుకొచ్చాడు. ఒక సాయంత్రం నన్ను ముసునూరులో చుట్టాలింటి నుంచి తీసుకొస్తుంటే వాన పట్టుకుంది. నాన్న ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని ఇంకో చేత్తో గుడ్డ పెట్టి అద్దం తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ మసకేస్తోంది. ఉన్నట్టుండి కారు ఎడమవైపుకి ఒరిగింది. ఇద్దరం ముందుకి విసురుగా పడ్డాం. కళ్ళు తెరిచేసరికి కారు ముందు చక్రాలు వరి పొలంలో ఉన్నాయి. దెబ్బలేం తగల్లేదు. పొలాల్లో పనిచేసి ఇంటికి పోతున్న కూలీలు నలుగురూ చేరి నెట్టి రోడ్డెక్కించారు. కానీ నాన్న చాలాసేపు కారు స్టార్ట్ చేయలేదు. చేతులు స్టీరింగు మీద పెట్టుకుని కూర్చుండిపోయాడు. స్టీరింగు చుట్టూ బిగిసిన వేళ్ళు ఎంతసేపటికీ విడవలేదు. ఆయన్ని అంతకుముందెప్పుడూ అలా చూడలేదు. ఇల్లు కనిపించే మలుపులో, "అమ్మకి చెప్పకు పద్మా. భయపడుతుంది" అన్నాడు. నేను చెప్పలేదు. కానీ ఆ తర్వాత మబ్బు పట్టిన ప్రతిసారీ నాన్న కారు ఎక్కగానే అరచేయి తీసుకెళ్ళి అద్దానికి లోపలివైపు ఆనించి చూసుకోవడం గమనించేదాన్ని. ఆయన బయటికెళ్ళిన రోజు వాన పడితే నాకు అన్నం సహించేది కాదు. అమ్మ "ఏంటే, ఒంట్లో బాలేదా?" అని నుదురు ముట్టుకుని చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. అంత చిన్నప్పుడే నాకు ఒక భయాన్ని ఒంటరిగా మోయడం అలవాటైంది.

మరుసటి ఏడు మా అక్క సుశీల తొలిచూలు పురిటికి మా ఇంటికొచ్చింది. అత్తవారిది ఉంగుటూరు. అక్క బక్కపలచటి మనిషి, నెలలు నిండుతున్నకొద్దీ కళ్ళే మిగిలాయి ముఖంలో. నూజివీడులో నర్సమ్మ చూసి, బిడ్డ అడ్డం తిరిగి ఉందనీ, నొప్పులు మొదలైతే ఇక్కడ ఒక్క క్షణం కూడా పెట్టుకోవద్దు, ఏలూరు తీసుకెళ్ళిపొమ్మనీ చెప్పింది. "ఇంకా టైముందిలే, మెల్లగా అదే సర్దుకోవచ్చు కూడా" అని ధైర్యం చెప్పింది గానీ, ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర లేదు. నాయనమ్మ రోజూ అక్క పొట్ట తడిమి చూసేది. అమ్మ పనికి వెళ్ళడం మానేసింది. నాన్న దూరం బాడుగలు ఒప్పుకోవడం మానేసి, ఎక్కడికెళ్ళినా చీకటి పడేలోగా వచ్చేసేవాడు. ఆ మోటారు కోసం తెలిసినవాళ్ళందరికీ చెప్పి ఉంచాడు. మృగశిర కార్తె వచ్చింది. గాలివానలకి తోటల్లో మిగిలిన కాయలు టపటపా రాలుతున్నాయి. ఆ చప్పుడు వింటే నాకు ఎవరో తలుపు కొడుతున్నట్టు ఉండేది.

చివరికి హనుమాన్ జంక్షన్లో పాత కార్ల సామాన్లు అమ్మే ఒకాయన, విరిచేసిన కారులోంచి తీసిన మోటారు ఒకటి ఉందని కబురు పెట్టాడు. నాన్న పొద్దున్నే వెళ్ళి తెచ్చాడు. అది మా కారుది కాదు, కొంచెం పొట్టిది, కానీ బోల్టులు సరిపోతాయన్నారట. అన్నం తిని, పాకలో గోనెపట్టా పరుచుకుని పని మొదలెట్టాడు. అర విప్పాడు, డ్యాష్‌బోర్డు కింద రేకు విప్పాడు, హీటరు పెట్టె సగం బయటికి లాగాడు. విప్పిన మరలన్నీ ఒక సత్తు పళ్ళెంలో పెట్టుకున్నాడు. ఆ రోజు ఆయన హుషారుగా ఉన్నాడు, ఏదో కూనిరాగం తీస్తున్నాడు కూడా. నేను పంచలో అక్కకి తల దువ్వుతున్నాను. ఉన్నట్టుండి అక్క నా మణికట్టు పట్టుకుంది. పట్టు బిగిసి, కొంచెం వదిలి, మళ్ళీ బిగిసింది. ఆమె ముఖం చూసి నేను "అమ్మా!" అని కేక పెట్టాను.

అమ్మ, నాయనమ్మ పరుగెత్తుకొచ్చారు. నాయనమ్మ పొట్ట మీద చెయ్యేసి చూసి, "మొదలయ్యాయే. కాన్పు నొప్పులే" అంది. నన్ను నర్సమ్మ ఇంటికి తరిమారు. ఆమె ఊళ్ళో లేదు. ఇంకో టాక్సీ ఉన్నాయన దగ్గరికి పరుగెత్తాను, ఆయన వ్యాపారులతో పొద్దున్నే వెళ్ళిపోయాడు. నేను రొప్పుకుంటూ తిరిగొచ్చేసరికి ఆకాశం ఒక పక్కంతా ఇనుపరేకులా అయిపోయింది. పాకలో కారు నోరు తెరుచుకుని అలాగే ఉంది. నాన్న దాని పక్కన నిలబడి ఉన్నాడు, చేతిలో స్పానరుతో.

"ఇంకా ఆ గాలిమర పట్టుకు కూర్చుంటావేంట్రా?" నాయనమ్మ పంచ మీద నుంచి అరుస్తోంది. "పిల్ల అక్కడ గిలగిల్లాడిపోతోంది. బండి తియ్యి!"

"తీస్తానమ్మా. ఇంజనుకేం లేదు, నడుస్తుంది. ఇది తర్వాత బిగించుకోవచ్చు" అంటూ నాన్న పళ్ళెంలో మరలు పక్కకి నెట్టాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. కానీ నేను ఆయన చేతుల వంకే చూస్తున్నాను.

అప్పుడు అమ్మ గుమ్మంలోంచి వచ్చి కారుకి అడ్డంగా నిలబడింది. "వద్దండీ. అది బిగించాకే కదులుదాం" అంది.

"నీకేమైనా పిచ్చా!" నాయనమ్మ మెట్లు దిగి వచ్చింది. "కన్నకూతురే అది!"

"కన్నకూతురు కాబట్టే అంటున్నానత్తయ్యా. ఆ మబ్బు చూడండి. దారిలో వానందుకుంటే ఈయనకి రోడ్డు కనపడదు. పోయినేడు ముసునూరు రోడ్డులో బండి పొలంలోకి దిగింది. ఈయన చెప్పలేదు, నాకు తెలీదనుకున్నారు. బంపరుకి వరిదుబ్బులు చిక్కుకుని ఉంటే పొద్దున్నే నేనే తీసి పారేశాను, మీరెవరూ చూడకుండా." నాన్న వైపు తిరిగింది. "ఎంతసేపు పడుతుంది? నిజం చెప్పండి."

నాన్న ఆమెని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను చెప్పలేదన్నట్టు తల ఊపాను. "గంట పట్టొచ్చు" అన్నాడు మెల్లగా.

"కానివ్వండి మరి."

ఆ గంట గురించి తర్వాత మా ఇంట్లో ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో నేను చెప్పలేను. నేను అక్క పక్కన కూర్చున్నాను. "నాన్నేం చేస్తున్నాడే?" అని అడిగేది నొప్పి సడలినప్పుడల్లా. "అయిపోవచ్చిందక్కా" అనేదాన్ని. పాకలోంచి ఇనుము మీద ఇనుము తగిలే చప్పుడు. నాయనమ్మ దేవుడి పటం దగ్గరికీ పంచలోకీ తిరుగుతూ గొణుగుతోంది. మోటారు దాని గూట్లో కూర్చుంది గానీ వెనకవైపు ఒక బోల్టు ఉంది, అక్కడికి నాన్న చెయ్యి దూరడం లేదు. దూర్చిన ప్రతిసారీ వేళ్ళు చీరుకుపోయి రక్తం వస్తోంది. అమ్మ, "నన్ను చూడనివ్వండి" అంది. గాజులు మోచేతి దాకా నెట్టి, రుమాలుతో కట్టేసి, సీటు కింద వెల్లకిలా పడుకుంది. ఇన్నేళ్ళలో ఆమె ఆ కారులో ముందు సీటు ఎక్కిన మనిషి కాదు. "ఎడమకి తిప్పాలా, కుడికా?" "కుడికి. మెల్లగా. పట్టిందా?" "ఉండండి… పట్టింది." చూడకుండా గంపల్లో కాయలు సర్దిన వేళ్ళు అవి, చీకట్లో మరని వెతుక్కున్నాయి. నాన్న వైర్లు కలిపాడు. స్విచ్ వేస్తే మోటారు గుర్రుమంది. గాలి వచ్చే సందు దగ్గర అరచేయి పెట్టి చూసి, "వస్తోంది. కాస్త తక్కువగా ఉందిగానీ వస్తోంది" అన్నాడు. అంతకు మించి చూడటానికి ఎవరికీ ఓపిక లేదు. రేకు కూడా బిగించలేదు. అక్కని వెనక సీట్లో అమ్మ ఒళ్ళో పడుకోబెట్టారు. నేను ముందు కూర్చున్నాను. నాయనమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది, గేటు పట్టుకుని.

జంక్షన్ ఇంకా సగం దూరం ఉందనగా వాన దిగింది. దిగడమంటే చినుకులుగా కాదు, ఒకేసారి నీళ్ళగోడ. రెండు పక్కలా మామిడితోటలు ఊగిపోతున్నాయి. కాయలు కారు మీద ధన్ ధన్ మని పడుతుంటే, పడినప్పుడల్లా అక్క ఉలిక్కిపడుతోంది. అద్దాలు మూసేశాం. చూస్తుండగానే ముందు అద్దం కింది నుంచి తెల్లబడటం మొదలెట్టింది. నాన్న హీటరు వేశాడు. మోటారు గట్టిగా తిరుగుతున్న చప్పుడైతే వినిపిస్తోంది, అద్దం దగ్గర మాత్రం వెచ్చటి ఊపిరి లాంటిదే తప్ప గాలి లేదు. నేను తువ్వాలు పెట్టి తుడుస్తున్నాను. తుడిచింది తుడిచినట్టే మసకేస్తోంది. నాన్న తన పక్క అద్దం దించితే జల్లు వెనక సీటు దాకా కొట్టి అక్క తడిసిపోయింది, మళ్ళీ ఎత్తేశాడు. ఆయన ముఖం అద్దానికి ఆనేంత ముందుకు వంగి నడుపుతున్నాడు. వెనక నుంచి అక్క మూలుగు. అమ్మ మాత్రం, "కనపడుతుందా అండీ? కనపడుతుందా?" అని అదే మాట అంటోంది. నాకు ఆ వరి పొలం గుర్తొచ్చింది. ఈసారి పొలం కాదు, ఈ రోడ్డుకి ఒక పక్క కాలవ ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, నాన్నకీ తెలుసు.

ఉన్నట్టుండి ఆయన బ్రేకు వేసేశాడు. "ఇంక లాభం లేదు" అన్నాడు. ఆ మాటకి అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నాన్న కిందికి వంగి, ఆ తిరుగుతున్న మోటారు వైపు చెవి పెట్టి విన్నాడు. నా జడ రిబ్బను అంచు నుంచి ఒక దారప్పోగు తెంపి, గాలి వచ్చే సందు దగ్గర పట్టుకున్నాడు. అది ఊగీ ఊగనట్టు వేలాడింది. "తిరుగుతోంది గానీ తొయ్యట్లేదు" అని గొణుక్కున్నాడు. ఒక్క క్షణం ఆగి, "అరే, ఇది తిరగబడి తిరుగుతోందే!" అన్నాడు. వేరే కారుది కదా, దాని వైర్ల వరస వేరు. రెండూ మసిపట్టి ఒకే రంగులో ఉంటే ఆ తొందరలో ఆయన ఇటుది అటు కలిపేశాడు. ఫ్యాను వెనక్కి తిరుగుతోంది. స్విచ్ ఆపి, పళ్ళతో టేపు పీకి, రెండు వైర్లూ మార్చి మెలిపెట్టాడు. ఆయన చెవుల వెనక నుంచి చెమట ధారలు కడుతోంది. మళ్ళీ స్విచ్ వేశాడు.

ఒక్కసారిగా వేడిగాలి మా ముఖాల మీద కొట్టింది. దాంతోపాటు ఏళ్ళ దుమ్ము, ఎండాకుల పొడి. అందరం దగ్గాం. ముందు అద్దం అడుగున చిన్న నెలవంకలా ఒక చోట తేటపడింది, అది మెల్లగా పైకి, పక్కలకి పాకింది. నాన్నా నేనూ ఆ తేటలోంచి బయటికి చూశాం. మా కారు ముందు రోడ్డు లేదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక కల్వర్టు, దాని పిట్టగోడ ఎప్పుడో విరిగిపోయి ఉంది. ముందు చక్రం ఆ విరిగిన చోటే ఆగి ఉంది. కింద ఎర్రటి నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. అమ్మకి వెనక నుంచి అది కనపడలేదు. నాన్న రివర్సు గేరు వేసి, చాలా నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు. జంక్షన్లో లారీల మధ్య నుంచి, అక్కడి నుంచి పెద్దరోడ్డు మీద ఏలూరు దాకా, ఆ గాలి ఆగకుండా వీస్తూనే ఉంది. కారు లోపల పొయ్యిలా కాగిపోయింది. రోడ్డు మాత్రం అరచేతిలో గీతలా కనిపించింది.

ఆసుపత్రిలో అక్కని లోపలికి తీసుకెళ్ళారు. వాన తగ్గి, దీపాలు పెట్టే వేళకి డాక్టరమ్మ బయటికి వచ్చింది. పెద్దప్రాణం దక్కిందని చెప్పింది. ఆడపిల్ల, దక్కలేదు. తెచ్చేసరికే బిడ్డ గుండె సన్నగా కొట్టుకుంటోందట. అమ్మ ఆమె ఎదురుగా నిలబడి, "ఇంకాస్త ముందు తీసుకొచ్చుంటే బతికేదాండీ?" అని అడిగింది. డాక్టరమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. "చెప్పలేనమ్మా" అంది. ఆ ఒక్క ముక్కా మా అమ్మ ఒంట్లోకి దిగిపోవడం నేను పక్కన నిలబడి చూశాను. మర్నాడు నాయనమ్మ బస్సులో వచ్చింది. సంగతి విని, వరండాలో కూలబడి, అమ్మకి వినపడేలా, "ఆ గాలిమర కోసం ఆగకుండా బయల్దేరుంటే…" అంది. అమ్మ తల దించుకుని అక్క పాత చీర మడతపెడుతోంది. మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. అక్కకి జావ పట్టిస్తున్నా, దుప్పటి సర్దుతున్నా, ఏలూరులో ఉన్నన్ని రోజులూ ఆమె కళ్ళు తడవలేదు. అది చూసే నాకు ఎక్కువ భయమేసింది.

ఇప్పుడు ఫోను చేస్తే అంబులెన్సు ఇంటి ముందుకి వస్తుంది. బిడ్డ అడ్డం తిరిగిందని తెలిస్తే నెల ముందే రోజు చూసి చేర్చుకుంటారు. అప్పటి కారులో వానకి వేడిగాలి ఒకటే గతి, ఇప్పటి కారులో మీట నొక్కితే అద్దం తేటపడుతుంది. ఈ కాలాన్ని తిట్టే అలవాటు నాకు లేదు. ఇంత తేలికైనా నా భయం ఎందుకు తేలిక కాలేదన్నదే నాకు తెలియదు. నాన్న పోయాడు, నాయనమ్మ పోయింది. అమ్మ చివరి రోజుల్లో అన్నీ మరిచిపోయినా, ఇంట్లోంచి ఎవరైనా వానలో బయల్దేరుతుంటే మంచం మీద నుంచే, "అద్దంలోంచి రోడ్డు కనపడుతుందా?" అని అడిగేది. అక్కకి ఆ తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇప్పుడు మనవలు. ఆ ప్రయాణం గురించి ఎప్పుడైనా మాటొస్తే, "నాకు వాన గుర్తులేదే, ఉడికిపోవడమే గుర్తుంది" అంటుంది. ముందుగా బయల్దేరి ఉంటే ఏమయ్యేదని అక్క ఎన్నడూ అడగలేదు. అడిగితే మా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, అది మేము ఏలూరు నుంచి తిరిగొచ్చిన రోజుది.

ఆ రోజు ఎండ బాగా కాస్తోంది. అక్క వెనక సీట్లో దిండు మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. ఒక పక్క అమ్మ, ఒక పక్క నాయనమ్మ, ఎవరి కిటికీలోంచి వాళ్ళు బయటికి చూస్తున్నారు. జంక్షన్ దాటి కొంతదూరం వచ్చాక నాన్న కారు పక్కకి తీసి ఆపాడు. దిగి, వెనక తలుపు తీసి, "ఒకసారి దిగండి. అమ్మా, నువ్వు కూడా" అన్నాడు. నేనూ దిగాను. విరిగిన కల్వర్టు దగ్గరికి తీసుకెళ్ళి, అంచున నేలని చూపించాడు. బురద ఎండి గట్టిపడింది. టైరు అచ్చు అందులో చెక్కినట్టుంది. అది రోడ్డు మీద నుంచి వంపుగా వచ్చి, గట్టు అంచున ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు, చాలా లోతున కాలవ. "గాలి రాకముందు ఇక్కడున్నాం" అన్నాడు నాన్న. "ఆ మోటారు బిగించకుండా వచ్చుంటే, దాన్ని చూసుకోవడానికి నేను ఆగేవాణ్ణి కాదు. తుడుచుకుంటూ పోయేవాణ్ణి. ఐదుగురం."

ఐదుగురం అన్నప్పుడు ఆయన లెక్కలో ఆ పసిది కూడా ఉందని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. అమ్మ వంగి ఆ అచ్చుని చూసింది. చాలాసేపు చూసింది. నాయనమ్మ కూడా చూసింది, కాలవ వైపు చూసింది, మళ్ళీ అచ్చు వైపు చూసింది. మిగిలిన పిట్టగోడ మీద కూర్చుంది. కోడలిని ఒక్కనాడూ పేరు పెట్టి పిలిచి ఎరగని మనిషి, "ఇట్రా లక్ష్మీ" అంది. అమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. నాయనమ్మ తన కొంగు తీసి అమ్మ ముఖం తుడవబోయింది. తుడవడానికి అప్పటిదాకా అక్కడ ఏమీ లేదు. ఆ కొంగు చెంపకి తగిలాకే అమ్మ ఏడవడం మొదలెట్టింది. పక్క నుంచి లారీలు పోతూనే ఉన్నాయి. నాన్న వాళ్ళని పిలవలేదు. కారులో అక్కకి ఎండ తగలకుండా కిటికీకి తువ్వాలు కట్టి, తలుపు ఆనుకుని నిలబడ్డాడు.